తాతయ్య వాచీ నాన్న చేతిలో ఆగిపోయింది, బాగుచేయడానికి ఎవరికివ్వాలి?

నెల్లూరు నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ప్రైవేటు స్కూల్లో టీచరు, ఇద్దరు పిల్లలు. చాలా పెద్ద ఉత్తరం, ముఖ్యమైనది ఇక్కడ చెప్తున్నా.

వాళ్ళ తాతయ్య బిట్రగుంటలో రైల్వే గార్డు. 1954లో మద్రాసులో ఒక వాచీ కొనుక్కున్నారు, వెస్ట్ ఎండ్ అనే స్విస్ కంపెనీది, డయల్ మీద సోవార్ ప్రైమా అని ఉంటుంది. వెనక మూత మీద ఆయన పొడి అక్షరాలు చెక్కించుకున్నారు. ఆయన పోయాక అది వీళ్ళ నాన్నగారి చేతికొచ్చింది. చివరిసారి షాపులో ఇచ్చింది 1993లోనట. 2009లో ఒక పొద్దున నాన్నగారు కీ ఇస్తుంటే ఆగిపోయింది. పక్కనే ఉన్న బాబాయి "ఎక్కువ కీ తిప్పి తెంపేశావన్నయ్యా, నాయన వాచీ" అన్నారు, అప్పట్నుంచీ తాతయ్య తద్దినానికి కలిసినప్పుడల్లా ఆ మాట ఏదోరకంగా వస్తూనే ఉందట. నాన్నగారు దాన్ని బీరువాలో గుడ్డలో చుట్టి పెట్టి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పోయినేడు ఈ అమ్మాయి వాళ్ళమ్మ చనిపోయారు. అప్పట్నుంచి నాన్నగారు రాత్రిపూట వాచీ బయటికి తీసి, కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుంటున్నారు. కీ మామూలుగానే బిగుసుకుంటుంది, రెండు మూడు నిమిషాలు నడుస్తుంది, ఆగుతుంది, కాస్త కదిపితే మళ్ళీ కొంచెం నడుస్తుంది.

ఆవిడ వాచీని ఫోన్లో ఫొటోలు తీసి నలుగురికి చూపించారు. చెన్నైలో ఒక పెద్ద షాపు 18,500 అన్నది, నాలుగు నెలలు పడుతుందంది. నెల్లూరులో ఒకాయన 2,500కి లోపలి మిషన్ తీసేసి సెల్లు మిషన్ వేసి, డయల్ కూడా కొత్తగా పెయింట్ చేయించి "పెళ్ళికొడుకులా ఇస్తా" అన్నాడు. ఇంకొకాయన 900కి కడిగి ఆయిల్ వేస్తానన్నాడు కానీ షాపు చూస్తే ఆవిడకి ధైర్యం రాలేదు, ఎందుకంటే ఇంతకుముందు ఆవిడ పెళ్ళి వాచీ వేరే ఒక షాపులో ఇస్తే లోపల మిషన్ మారిపోయి వచ్చింది. అమెరికాలో ఉన్న తమ్ముడు ఇక్కడికి పంపించు నేను చూస్తా అంటున్నాడు. ఆవిడ దగ్గరున్నది ఆరేడు వేలు. వచ్చే నెల నాన్నగారి డెబ్బై అయిదో పుట్టినరోజు, ఆయనకి తెలీకుండా బాగుచేయించి చేతిలో పెట్టాలని కోరిక. "ఎవరికివ్వాలి, ఎంతలో అవుతుంది, అసలు తప్పు చేస్తున్నానా?" ఇదీ ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాచీ సంగతి తర్వాత, ముందు మీ నాన్నగారి సంగతి చెప్తాను, ఎందుకంటే మీరు రాసిన దాన్లోనే ఒక మంచి వార్త ఉంది, మీరు గమనించలేదు.

కీ మామూలుగా బిగుసుకుంటోంది అన్నారు కదా. అంటే స్ప్రింగు తెగలేదు. ఇలాంటి కీ వాచీలో స్ప్రింగు తెగితే కీ ఎంత తిప్పినా వదులుగా తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడా పట్టు దొరకదు, వాచీ రెండు నిమిషాలు కాదు కదా రెండు సెకన్లు కూడా సరిగ్గా నడవదు. కాబట్టి మీ నాన్నగారు దేన్నీ తెంపలేదు. కీ ఎక్కువ తిప్పి వాచీ పాడుచేయడం అనేది ఊళ్ళల్లో అందరూ అనే మాటే కానీ జరిగేది చాలా అరుదు. స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నాక కీ తనంతట తనే ఆగిపోతుంది, దాన్ని దాటి తిప్పాలంటే వేళ్ళతో పోట్లాడాలి. అసలు జరిగేదేంటంటే లోపల వేసిన నూనె ఏళ్ళ తరబడి ఉండి చిక్కబడి జిగురులాగా అయిపోతుంది, స్ప్రింగులో బలం ఉన్నా ఆ బలం చక్రాల గుండా బ్యాలెన్స్ దాకా, అంటే అటూ ఇటూ ఊగుతూ టిక్ టిక్ మనిపించే చక్రం దాకా చేరదు. కీ మాత్రం బిగిసి ఉంటుంది, వాచీ నడవదు, చూసినవాళ్ళు కీ ఎక్కువైంది అంటారు. 1993లో సర్వీస్ చేయించిన వాచీ 2009లో ఆగిందంటే మధ్యలో పదహారేళ్ళు. నాలుగైదేళ్ళకోసారి కడిగి నూనె వేయాల్సిన వాచీ అన్నాళ్ళు నడవడమే గొప్ప.

ఈ ముక్క మీ నాన్నగారికి ఇవాళే చెప్పండి. వాచీ బాగయ్యేదాకా ఆగక్కర్లేదు. పదిహేనేళ్ళకి పైగా ఆ మనిషి నాన్న వాచీని నేనే చంపేశాను అనుకుంటూ బతికారు, మీరు రాయలేదు కానీ ఎవర్నీ ముట్టుకోనివ్వకపోవడం వెనక నాకు అదే కనబడుతోంది.

అలాగే ఇంకోటి కూడా మెల్లగా చెప్పాలి. రోజూ రాత్రి కీ ఇచ్చి, కదిపి కదిపి నడిపించడం మంచిది కాదు, నూనె లేకుండా నడిస్తే ఇరుసుల చివర్లు అరుగుతాయి. వద్దు అని లాక్కోకండి, చెవి దగ్గర పెట్టుకునేది వాచీ కోసం ఒక్కటే కాదు కదా. బాగయ్యేదాకా కీ ఇవ్వకుండా దాచుదాం నాన్నా అనండి, అర్థం చేసుకుంటారు.

ఇక రిపేరు. ఎవరు తక్కువకి చేస్తారు అని మొదలుపెట్టారు, నేనైతే ముందు ఏం చేయించాలి అన్నది తేల్చుకోమంటాను, ఎందుకంటే 900కీ 18,500కీ మధ్య తేడా మనిషి మంచితనంలో లేదు, ముగ్గురూ మూడు వేరే వేరే పనులకి రేటు చెప్పారు.

సెల్లు మిషన్ పని చవకే, సమయం కూడా బాగా చూపిస్తుంది. కానీ ఆ వాచీలో మిగిలేది డబ్బా ఒక్కటే. డయల్ వెనక రెండు చిన్న కాళ్ళుంటాయి, పాత మిషన్‌కి అవి సరిపోతాయి, కొత్త మిషన్‌కి అడ్డమొస్తే కత్తిరించేస్తారు, తర్వాత పాత మిషన్ పెడదామన్నా డయల్ నిలబడదు. ముల్లు కూడా సెకనుకోసారి గెంతుతుంది. ఆ కాలం కీ వాచీలు ఎక్కువ భాగం గంటకి 18,000 సార్లు కొట్టుకుంటాయి, సెకనుకి ఐదన్నమాట, చెవి దగ్గర పెట్టుకుంటే వాన చినుకుల్లా గబగబా వినపడేది అందుకే. మీ నాన్నగారు చెవి దగ్గర పెట్టుకున్న మొదటి రాత్రే పట్టేస్తారు. ఆ 2,500 ఉచితంగా చేస్తానన్నా వద్దు.

డయల్ పెయింట్ కూడా వద్దు. డెబ్బై ఏళ్ళ డయల్ పసుపెక్కుతుంది, మచ్చలొస్తాయి, అది పాడవడం కాదు. కొత్తగా పెయింట్ చేస్తే అక్షరాల తీరు మారిపోతుంది, ముంబై నుంచి ఇలా రంగులేసి, నాలుగు వాచీల పార్టులు కలిపి అమ్మే పాత వాచీలు చాలా వస్తుంటాయి, తెలిసినవాళ్ళు వాటికి పెద్ద విలువ ఇవ్వరు. మీరు అమ్మబోవట్లేదు, సరే, కానీ తాతయ్య గార్డు డబ్బాలో కూర్చుని చూసిన డయల్ అది. ఇంట్లో దూదితో తుడవడం కూడా చేయకండి, దుమ్ముతో పాటు అక్షరాలు లేచొచ్చేస్తాయి.

"చీకట్లో అంకెలు పచ్చగా వెలిగేవని నాన్న చెప్పేవారు" అని ఒక వాక్యం రాశారు, దాని గురించి జాగ్రత్త చెప్పాలి. 1954 నాటి వాచీల్లో ఆ వెలిగే రంగులో రేడియం ఉండే అవకాశం బాగా ఉంది. ఇప్పుడు వెలగట్లేదంటే రేడియం పోయిందని కాదు, దానితో కలిపిన వెలిగే పదార్థం చచ్చిపోయింది, రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. గ్లాసు బిగించి ఉన్న వాచీ గురించి కంగారు పడక్కర్లేదు, కానీ పిల్లలు మూత తీయకుండా చూడండి, ఆ పొడి గోకకూడదు, పీల్చకూడదు. రిపేరు చేసేవాళ్ళకి కూడా ముందే చెప్పండి, ముల్లుల మీద అంకెల మీద రంగు ముట్టుకోవద్దని.

చెన్నై 18,500లో ఏమేం ఉన్నాయో కాగితం మీద అడగండి. చాలాసార్లు అందులో కేసు పాలిష్, కొత్త గ్లాసు, కొత్త కీ, నీళ్ళు పోకుండా సీలు ఇవన్నీ కలిపేస్తారు. వాళ్ళు మోసం చేస్తున్నారనను, పూర్తి పని అంటే వాళ్ళ దృష్టిలో అదే. మీకు కావాల్సింది లోపల మిషన్ విప్పి, కడిగి, నూనె వేసి, బిగించి, టైము సరిచేయడం. అంతవరకే రేటు చెప్పమంటే అంకె దిగొచ్చు. పాలిష్ మాత్రం ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి, వెనక మూత మీద తాతయ్య అక్షరాలున్నాయి, ఒక్కసారి బఫింగ్ చక్రం తగిలిందంటే ఆ గీతల లోతు పోతుంది, రెండుసార్లు తగిలితే అక్షరాలే ఉండవు.

తమ్ముడి ఆలోచన ప్రేమతో చెప్పిందే, కానీ పోనూ రానూ కొరియరు, ఇన్సూరెన్సు, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ తలనొప్పి, పైగా అక్కడ గంటకింత అని లెక్కేసే పని. అతను సాయం చేయాలనుకుంటే వాచీకి బదులు డబ్బు పంపమనండి, లేదా పార్టు అవసరమైతే అక్కడ వెతికి కొనమనండి, అది నిజంగా పనికొస్తుంది. ఎలాగో కింద చెప్తా.

ఇక మనిషిని వెతకడం. నేను చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ తెనాలిలో మా మేనమామ రిపేరు బల్ల పక్కనే గడిపాను. మంచి పనివాడు ఎలా ఉంటాడో నాకు ఆయన చేతులు చూసే తెలుసు. బల్ల మీద తెల్ల కాగితం పరిచి ఉండేది. కంటికి అద్దం పెట్టుకుని మూత తీశాక ఒక్కో స్క్రూ తీసి చిన్న గాజు గిన్నెలో వరసగా పెట్టేవాడు, టీ వచ్చిందంటే ముందు ఆ గిన్నె మీద ఇంకో గ్లాసు బోర్లించి అప్పుడు టీ అందుకునేవాడు. బ్యాలెన్స్ ఎత్తేటప్పుడు మమ్మల్ని ఊపిరి కూడా పక్కకి తిరిగి వదలమనేవాడు. చూసినవాళ్ళకి అదంతా చాదస్తం అనిపించేది. షాపు చిన్నదా పెద్దదా, గోడకి రంగుందా లేదా చూడకండి, నెల్లూరులో ఆ 900 ఆయన బల్ల మీద ఆ గాజు గిన్నె ఉందా, విప్పిన పార్టుల మీద ఏదైనా కప్పుతున్నాడా అది చూడండి. మీరు షాపు చూసి భయపడ్డారు, పని చూడలేదు.

వెతికే దారి ఒకటి చెప్తా. మీ ఊళ్ళో ఇప్పటికీ హెచ్ఎంటీ కీ వాచీ పెట్టుకునే రిటైర్డ్ మాస్టార్లు, రైల్వే వాళ్ళు, బ్యాంకు వాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళని అడగండి, సర్వీసింగ్ ఎక్కడ చేయిస్తారండీ అని. హెచ్ఎంటీ వాళ్ళు 1961లో బెంగుళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో వాచీలు మొదలుపెట్టారు, 2016లో ఆ వాచీల కంపెనీ మూసేయడానికి కేంద్రం ఒప్పుకుంది, కానీ జనతా, పైలట్ లాంటి వాచీలు లక్షల ఇళ్ళల్లో ఉన్నాయి, వాటిని బాగుచేస్తూ బతికే చేతులు ఇంకా ఉన్నాయి. కీ వాచీ రోజూ విప్పేవాడికి మీ వాచీ కొత్త కాదు, లోపల పద్ధతి అదే. సెల్లులు, బెల్టులు మాత్రమే మార్చే షాపుకి మాత్రం ఇవ్వకండి. నెల్లూరులో కుదరకపోతే చెన్నై మూడు గంటల రైలు, హైదరాబాద్ అయితే అబిడ్స్, కోఠి, సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు అడుక్కుంటూ వెళ్ళండి, ఒక షాపువాడు చేయలేనన్నా ఎవరు చేస్తారో చెప్తాడు, ఈ పనిలో వాళ్ళకి ఒకళ్ళకొకళ్ళు తెలుసు.

మనిషి దొరికాక మీ తాతయ్య వాచీ వెంటనే ఇవ్వకండి. ఎవరిదగ్గరైనా ఆగిపోయిన హెచ్ఎంటీ ఒకటి తీసుకుని ముందు అది సర్వీసుకి ఇవ్వండి. కొన్ని వందలు ఖర్చవుతుంది, చెప్పిన రోజుకి ఇచ్చాడా, గీతలు పడ్డాయా, వారం తర్వాత కూడా టైము నిలబడిందా తెలిసిపోతుంది. మీ పెళ్ళి వాచీ విషయంలో జరిగింది ఇంకోసారి జరక్కుండా ఉండడానికి ఇంతకంటే చవకైన ఇన్సూరెన్సు లేదు.

వాచీ ఇచ్చేటప్పుడు మీ ముందే మూత తీయమనండి. సిగ్గుపడకండి, నిజాయితీ ఉన్నవాడు ఏమీ అనుకోడు, మా మామ అయితే అడక్కుండానే చూపించేవాడు. లోపలి మిషన్‌ని రెండు మూడు ఫొటోలు దగ్గరగా తీయండి. సాధారణంగా బ్యాలెన్స్ కింద చిన్న అంకెలు, గుర్తు ఉంటాయి, మిషన్ నంబరు అది, రాసుకోండి. ఆ రోజుల్లో చాలా స్విస్ కంపెనీలు మిషన్లు వేరే ఫ్యాక్టరీల దగ్గర కొని తమ పేరు వేసుకునేవి, కాబట్టి అదే నంబరు మిషన్ వేరే పేరున్న వాచీల్లో కూడా దొరుకుతుంది. ఇరుసు అరిగింది, పార్టు దొరకదు అని అన్నాడనుకోండి, అదే నంబరున్న ఆగిపోయిన వాచీ ఒకటి పార్టుల కోసం కొంటే సరిపోతుంది, తమ్ముడికి అప్పజెప్పమన్నది ఈ పనే. తీసేసిన పాత పార్టు ఏదైనా సరే కవర్లో పెట్టి వెనక్కివ్వమని ముందే చెప్పండి.

డబ్బు లెక్క. నేను చూసినంతలో మన ఊళ్ళల్లో మంచి పనివాళ్ళు ఇలాంటి వాచీకి కడిగి నూనె వేయడానికి వెయ్యి నుంచి మూడు వేల లోపు తీసుకుంటారు, ఇరుసు లాంటిది మార్చాల్సొస్తే అంతకి అంత అవుతుంది. మీ ఆరేడు వేలల్లో పని అయ్యే ఆశ బాగానే ఉంది. ముందు విప్పి చూసి ఎంతవుతుందో చెప్పడానికి మాత్రం డబ్బిచ్చి, తర్వాత ఫోన్ చేసి మీరు సరే అన్నాకే ముందుకెళ్ళమనండి. ఖర్చు పదివేలు దాటుతుందంటే ఆపేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆగిపోయిన వాచీ పొడిగా ఉన్న చోట ఇంకో పదేళ్ళున్నా ఏమీ కాదు, తొందరపడి చెడగొట్టినదే మళ్ళీ రాదు.

అంటే అసలు బాగుచేయించకుండా ఉంచడం కూడా ఒక దారే. మీ నాన్నగారు వద్దంటే అదే చేయండి.

అందుకే ఆయనకి తెలీకుండా చేయడం గురించి నాకు బెంగగా ఉంది. ఏ రాత్రో ఆయన బీరువా తీసి, గుడ్డలో వాచీ లేకపోతే? మీరు నవ్వుతూ తెచ్చిచ్చేలోపు ఆ మనిషి ఏమైపోతారు? అది ఆయన ఎవరి చేతికీ ఇవ్వని వస్తువు. ఒకవేళ ఆయనకి తెలీకుండానే బాగైనా, బాగుచేసింది కూతురు, పాడుచేసింది నేను అన్న లెక్క ఆయన మనసులో అలాగే ఉండిపోతుంది. నేనైతే ఆయన్నే తీసుకెళ్తాను. బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి, మూత తీసినప్పుడు ఆయన ముందే అడుగుతాను, "స్ప్రింగు తెగిందా అండీ?" అని. ఆ పనివాడి నోటి నుంచి "లేదమ్మా, నూనె ఎండిపోయింది" అన్న మాట ఆయన చెవులతో వినాలి. నేను చెప్పింది నిజమా కాదా కూడా అక్కడే తేలుతుంది. ఒకవేళ స్ప్రింగే తెగిందని తేలినా, పాత కాలం స్టీలు స్ప్రింగులు వయసుకి వాటంతటవే తెగుతాయి, బల్ల మీద ఎవరూ ముట్టుకోకుండా ఉన్న వాచీలో కూడా తెగుతాయి, అది కూడా పనివాడే చెప్తాడు. పుట్టినరోజుకి వాచీ చేతికి రాకపోయినా పర్లేదు, పుట్టినరోజున ఇద్దరూ కలిసి షాపుకి వెళ్ళండి.

బాబాయిగారిని పిలవాలా వద్దా మీ ఇష్టం. పిలిస్తే ఆయనా ఆ మాట వింటారు. కానీ ఆయన తగ్గని మనిషయితే అక్కడే ఇంకో గొడవ అవుతుంది, అది మీకే తెలియాలి. నాకైతే ముందు మీ నాన్నగారు ఒక్కరే వినడం మంచిదనిపిస్తుంది, తద్దినం నాటికి ఆయనే చేతికి పెట్టుకుని వెళ్తారు, అప్పుడు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

వచ్చాక రోజూ ఒకే టైముకి ఒక్కసారి కీ ఇవ్వమనండి, బిగుతు తగలగానే ఆపడమే. రోజుకి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే ఆ వయసు వాచీకి అది బాగా నడుస్తున్నట్టే. స్నానానికి, గిన్నెలు తోమడానికి తీసేయాలి, డయల్ మీద ఏమి రాసున్నా సరే నీళ్ళు ఆపే రబ్బరు ఎప్పుడో గట్టిపడిపోయి ఉంటుంది. ఫోను మీద, స్పీకరు మీద పెట్టకూడదు, అయస్కాంతం పట్టి ఉన్నట్టుండి గంటకి నిమిషాలు ముందుకెళ్ళడం మొదలవుతుంది, అది జరిగినా భయం లేదు, షాపులో నిమిషంలో తీసేస్తారు.

ఇంకోటి మర్చిపోయాను. మూత తీసినప్పుడు దాని లోపలివైపు వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడండి. పాతకాలం రిపేరువాళ్ళు సర్వీసు చేసినప్పుడల్లా అక్కడ సూదితో చిన్నగా తేదీయో, తమ గుర్తో గీసేవాళ్ళు, మా మామ కూడా గీసేవాడు. 1993ది ఉండొచ్చు. మీ తాతయ్య చేయించినవి కూడా ఉండొచ్చు. భూతద్దం మీ నాన్నగారి చేతికిచ్చి ఆయన్నే చదవమనండి, అవి చదివాక ఆ పనివాడిని ఈ సంవత్సరం తేదీ కూడా వాటి కింద గీయమని అడగండి.